ఉట్టిలో బెల్లం వెతికినవాడు

నీలం నుంచి ఇటుక దాకా

ముప్ఫై ఏళ్ళకు పైగా నేను మనుషుల ఉచ్చ కాచి బతికాను. ఇంట్లో ఈ మాట అంటే మా ఆవిడ "కూడు తినేటప్పుడు ఆ మాటలేంది" అని కసురుతుంది గానీ, నా ఉద్యోగాన్ని ఇంతకంటే క్లుప్తంగా చెప్పడం నాకు చేతకాదు. నా పేరు ఓబులేసు. రాప్తాడు పక్క పల్లెలకు దిక్కైన ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. చేరిన గదిలోనే రిటైరయ్యాను. మధ్యలో మారింది గోడ సున్నం ఒక్కటే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. వాళ్ళ చేతుల్లో అగ్గిపెట్టె అంత మిషన్లు ఉంటాయి. వేలికి సూది, చుక్క రక్తం, పది లెక్కపెట్టేలోగా అంకె. తొంభైల చివర్లో మాకు అంకె ఎక్కడిది, రంగే దిక్కు. ఒక స్పిరిట్ దీపం, చెక్క పట్టుకారు, నాలుగు గాజు గొట్టాలు, ఒక సీసాలో నీలం మందు. గొట్టంలో చెంచాడు నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, దీపం మీద మరిగించాలి. నీలంగానే ఉంటే షుగర్ లేదు. పచ్చబడితే కొంచెం ఉంది. పసుపూ నారింజా దాటి ఇటుక రంగుకు తిరిగిందంటే బాగా ముదిరింది. ఏమరుపాటున ఎక్కువ కాగిందా, గొట్టం మూతి నుంచి చిమ్మి మన మీదే పడుతుంది. నా తెల్ల చొక్కాలన్నీ ఆ అభిషేకం చేయించుకున్నవే.

రంగు చూడటం వారం రోజుల్లో వచ్చేస్తుంది. ఆ రంగు వెనకున్న మనిషిని చూడటం నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది నేను కాదు, హనుమక్క. అందుకే ఇది రాస్తున్నాను.

బక్క మనిషికి దొరల జబ్బు

ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. హనుమక్క ఒక పొద్దున మా గది గుమ్మంలో నిలబడింది. నలభై దాటి ఉంటాయి. ఎముకల మీద చీర ఆరేసినట్టు ఉంది మనిషి. కూలికి పోతుంది, మొగుడు లేడు, ఉన్న ఒక్క కూతురిని పక్క ఊరికి ఇచ్చింది.

"సార్, నేను పోసిన తావున చీమలు పడతాండాయి. ఏమన్నా దోసమా?" అంది.

"దోసం కాదులే, సీసా పట్టుకొనిరా పో" అన్నాను.

గొట్టం ఇటుక రంగుకు తిరిగింది. నేను నమ్మలేక మళ్ళీ కాచాను. మళ్ళీ ఇటుకే. గొట్టం పట్టుకుని మూర్తి డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన కోస్తా మనిషి, మంచివాడు, హాస్యగాడు, తను నమ్మింది తప్ప ఇంకేదీ నమ్మనివాడు. షుగర్ అంటే ఆయన లెక్కలో బొజ్జలున్న షావుకార్లకు వచ్చే జబ్బు. కూర్చుని తినేవాళ్ళది. సంగటి తిని ఎండలో పనిచేసే మనిషికి రాకూడదు. వచ్చిందంటే ఏదో దొంగతిండి ఉన్నట్టే.

"ఏమ్మా, స్వీట్లు బాగా లాగిస్తున్నావా?" అన్నాడు.

"సీట్లా? పండగ్గూడా బెల్లం కొనలా సార్ ఈ తూరి."

"అలాగే అంటారమ్మా అందరూ. నెల రోజులు తీపి ముట్టుకోకుండా రా. అప్పటికీ తగ్గకపోతే మాత్రలు చూద్దాం."

మాత్రలు మందుల గదిలో ఉన్నాయి. ఆ రోజే ఇచ్చి ఉండొచ్చు. ఇవ్వలేదు. నెల తర్వాత వచ్చింది, ఇటుకే. తీపి మానలేదని డాక్టరు మళ్ళీ వట్టి చేతులతోనే పంపాడు. ఇంకో నెలకు వచ్చింది, ఇటుకే. నాకు ఆమెను ఆటపట్టించడం అలవాటైపోయింది. "ఏం హనుమక్కా, ఈ నెల జిలేబీనా, లడ్డా?" అనేవాణ్ణి. క్యూలో ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు. "ఒట్టు సార్, నా బిడ్డ మీద ఒట్టు" అనేది. ఇంత జరుగుతున్నా నా బల్ల సొరుగులో ఎప్పుడూ ఒక బెల్లం అచ్చు ఉండేదని కూడా ఇక్కడే చెప్పేస్తాను. మధ్యాహ్నం వేయించిన శెనక్కాయలతో కొరికేవాణ్ణి.

ఆమె మాత్రం వట్టి చేతులతో ఎప్పుడూ రాలేదు. ఒక స్టీలు గిన్నెలో ఊరిబిండి తెచ్చేది. మా సీమలో సంగటిలోకి చేసుకునే శెనక్కాయ, అంటే వేరుశెనగ, పచ్చడి అది. ఎండుమిరపకాయ, చింతపండు వేసి రోట్లో నూరినది. మూర్తి డాక్టరు దాన్ని అన్నంలో కలుపుకుని, కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ, "మనిషి అబద్ధాలకోరు గానీ చేతి రుచి అమృతమయ్యా ఓబులేసూ" అనేవాడు. గిన్నె అడుగు నేను నాకేవాణ్ణి.

దాడి

నాలుగో నెల కూడా ఇటుకే వచ్చేసరికి డాక్టరుకు రోషం వచ్చింది. "వీళ్ళింటికి ఒకసారి వెళ్ళి చూడవయ్యా, ఎక్కడ దాస్తుందో" అన్నాడు. సగం తమాషాకే అన్నాడు. నేను పూర్తిగా పట్టించుకున్నాను. పోలీసు కావాలన్న తీరని కోరిక నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

మలేరియా కోసం ఇంటింటికీ తిరిగి జ్వరాలున్నవాళ్ళ రక్తం తీయడం మా పనిలో భాగమే. ఆ సాకుతో గాజుపలకల పెట్టె చంకన పెట్టుకుని వాళ్ళ పల్లెకు పోయాను. హనుమక్క ఇంట్లో లేదు. తలుపు దగ్గరికి వేసి ఉంది. "హనుమక్కా" అని ఒకసారి పిలిచి, జవాబు లేకపోతే లోపలికి నడిచాను. అది దొంగతనంగా జొరబడటమే. అప్పుడు మాత్రం వృత్తి ధర్మం అనుకున్నాను.

ఒక్కటే గది. పొయ్యి దగ్గర నాలుగు కుండలు. అన్నీ మూతలు తీసి చూశాను. రాగిపిండి, ఉప్పు, ఎండుమిరపకాయలు. బెల్లం లేదు. అప్పుడు పైకి చూస్తే ఉట్టి. బెల్లానికి చీమలు పడతాయని ఉట్టిలోనే కదా పెట్టేది! దొరికావే హనుమక్కా అనుకున్నాను. పీట వేసుకుని ఎక్కి, ఉట్టిలోని చిన్న ముంతలో చెయ్యి పెట్టాను. కాగితప్పొట్లం తగిలింది. విప్పితే మెత్తటి తెల్లపొడి. బెల్లం కాదు, ఏకంగా చక్కెర, అదీ దంచిన చక్కెర! వేలు అద్ది నాలుకకు రాసుకున్నాను.

పిల్లలూ, ల్యాబులో పనిచేసేవాడు తెలియనిదాన్ని నాలుకతో పరీక్షించకూడదని మొదటి రోజే చెబుతారు. నాకూ చెప్పారు. వినలేదు.

నోరంతా చేదెక్కింది. ముక్కులోకి బూజు వాసన కొట్టింది. ఉమ్ముతూ పీట దిగుతుండగా గుమ్మంలో హనుమక్క, నెత్తిన కట్టెలమోపుతో.

"ఏం సార్, నా ఉట్టి కాడ ఏం చేస్తాండావు?"

నాలుక బయట పెట్టి పొట్లం చూపించాను. మోపు ధభేలున కింద పడింది.

"అయ్యయ్యో! అది ఇత్తనాల మందు సార్! పురుగుల పొడి! చీమలకని తెచ్చిపెట్టినా! ఉమ్ము, ఉమ్ము!"

చెంబులు చెంబులు నీళ్ళు ఇచ్చి పుక్కిలింపజేసింది. సబ్బు తెచ్చి నాలుక రుద్దబోయింది, వద్దని దణ్ణం పెట్టాను. ఊపిరి కుదుటపడ్డాక మెల్లగా అడిగింది.

"రక్తం తీసేకి వచ్చినావా, బెల్లం ఎతికేకి వచ్చినావా?"

నేను నేల చూశాను. అక్కడ మూలన ఒక చేట కనిపించింది. చేటలో శెనక్కాయ పప్పులు, మొత్తం బద్దలుగా విరిగినవి. వాటి మీద సన్నగా అదే తెల్లపొడి.

"ఇవేంది హనుమక్కా?"

"పగులు పప్పు. పెద్ద రైతు తిప్పన్న ఇంట్లో ఇత్తనాలు వలుస్తాం గదా, విత్తేకి పనికిరాని పగుళ్ళు వలిచినోళ్ళవే. మీకు ఊరిబిండి తెచ్చేది దీంతోనే గదా సార్."

నేను గోడకు ఆనుకున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా జిల్లాలో శెనక్కాయే పంట. పెద్ద రైతులు మరుసటేటి విత్తనానికి కాయలు మూటలు కట్టి దాస్తారు. పురుగు పట్టకుండా పొడి చల్లుతారు. ఆ పొడిని సర్కారు ఆపమందని అప్పటికే విన్నాం. అయినా అంగళ్ళలో పేరులేని పొట్లాలుగా అమ్ముతూనే ఉండేవాళ్ళు. వాన ముఖం కనిపించగానే కూలి ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని ఆ కాయలను చేత్తో వలుస్తారు. చెయ్యి నొస్తే పంటితో కొరుకుతారు. పగలని గుండు విత్తనం రైతుది, పగులు పప్పు వలిచినవాళ్ళది. తాతల నాటి నుంచీ ఉన్న హక్కు అది. హనుమక్క పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఆ పొడిలో కూర్చుంటోంది. ఆ పప్పు తింటోంది.

"కడుగుతావా?" అన్నాను.

"రెండు తూర్లు కడిగి, ఎర్రగా ఏంచుతా సార్. మీరు తినేది గదా" అంది.

ఆరోగ్య కేంద్రానికి వచ్చి సంగతి చెప్పేసరికి మూర్తి డాక్టరు భోజనం ముందు కూర్చుని ఉన్నాడు. ఆకు పక్కన హనుమక్క గిన్నె. ముద్ద నోటి దాకా పోయి ఆగింది. చాలాసేపు ఆ ముద్దను చూసి, పక్కన పెట్టి, చెయ్యి కడుక్కున్నాడు. "పొడికీ షుగర్‌కీ ఏమిటయ్యా సంబంధం? ఆవిడ తీపి తింటూనే ఉంటుంది" అన్నాడు. గిన్నె మాత్రం మళ్ళీ ముట్టలేదు. నమ్మకం లేనివాడు ముద్ద ఎందుకు వదిలాడని అడగాలనిపించింది. పై అధికారి కదా, ఊరుకున్నాను. ఊరుకోవడం నా రెండో తప్పు.

హనుమక్క ఆ తర్వాత రాలేదు. ఇల్లు సోదా చేసినవాళ్ళ దగ్గరికి ఎవరు వస్తారు?

రెండు వేళ్ళు

సంవత్సరం తిరిగాక వచ్చింది, కట్టె ఊతంతో. కుడికాలికి చింకిపాత చుట్టి ఉంది. విప్పితే చిటికెన వేలూ దాని పక్క వేలూ నల్లబడి ఉన్నాయి. ముల్లు గుచ్చుకుందట. నొప్పి తెలియలేదట. "నొయ్యలా సార్, అందుకే చూసుకోలా" అంది.

మూర్తి డాక్టరు మొహం పాలిపోయింది. ఆయన కూడా ఆ రోజు జోకు వేయలేదు. జీపులో అనంతపురం పెద్దాసుపత్రికి తనే తీసుకుపోయాడు, వెంట నేనూ పోయాను. రెండు వేళ్ళు తీసేశారు, కాలు దక్కింది. తిరిగొస్తుంటే జీపులో ఆయన నాతో, "మొదటి రోజే మాత్ర ఇచ్చుంటే?" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

అప్పటి నుంచి ఆమెకు మాత్రలు, తర్వాత సూదిమందు. అప్పటి నుంచే నేను ల్యాబ్ రిజిస్టరు అంచున పెన్సిలుతో ఒక ప్రశ్న రాసుకునే అలవాటు చేసుకున్నాను. "చేతి పని ఏమి?" ఆ మనిషి చేతులు రోజంతా ఏం ముట్టుకుంటాయి, గింజలు ఎందులో దాస్తారు, నూనె ఏ డబ్బాలో పోస్తారు? పురుగుమందు డబ్బా కడిగి నెయ్యి పోసుకున్న ఇల్లు కూడా దొరికింది. గట్టి డబ్బా, పారేయబుద్ధి కాలేదట.

తిప్పన్న అరుగు మీద

మరుసటి విత్తనం వేళకు తిప్పన్న ఇంటికి పోయాను. పెద్ద రైతు. చెడ్డవాడు కాదు, ఊళ్ళో ఎవరికి ఒళ్ళు బాగాలేకున్నా అతని బండే కట్టేది. అరుగు మీద పదిమంది ఆడవాళ్ళు కాయలు వలుస్తున్నారు. తెల్లటి దుమ్ము. ఆ మధ్యలో కాలు చాపుకుని హనుమక్క.

"రాప్పా ఓబులేసూ, కూర్చో" అని తిప్పన్న వేయించిన శెనక్కాయల పళ్ళెం నా ముందు పెట్టించాడు. నేను పళ్ళెం పక్కకు జరిపి, హనుమక్క బుట్టలోంచి పిడికెడు పగులు పప్పు తీసి అతని చేతిలో పోశాను.

"ఇవి తిందాం అన్నా. నీవు రెండు, నేను రెండు."

తిప్పన్న నిప్పు పడ్డట్టు చెయ్యి విదిలించాడు.

"ఏమప్పా, సంపుతావా? మందు కలిపినవి అవి! మా ఇంట్లో తినేకి వేరే మూట ఉండాది!"

వలిచే చేతులన్నీ ఆగిపోయాయి. హనుమక్క తలెత్తింది.

"మందు నీకేనా అన్నా? మాకు కాదా?"

తిప్పన్న విదిలించిన చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. "మా నాయన కాలం నుంచీ పగులు పప్పు వలిచినోళ్ళదే గదా... మీరే గదా అడిగి తీసకపోయేది" అన్నాడు. అబద్ధం కాదు. తను చల్లే పొడి విషమని అతనికి తెలుసు. ఆ విషం వాళ్ళ పొయ్యి మీదికి పోతోందని మాత్రం అతనికి ఒక్కసారీ తట్టలేదు.

గెలిచానని నేను మీసం దువ్వుకోబోయేలోగా ఆడవాళ్ళు నా మీద పడ్డారు. "నీ సాలరీ నీకొస్తాది సార్, మా పప్పు పోగొట్టేకి వచ్చినావా?" అంది ఒకామె. "కరువు కాలంలో నోటికాడ కూడు తీస్తాండాడు సూడు" అంది ఇంకొకామె. వాళ్ళు అన్నదీ నిజమే. వద్దు అని చెప్పడం తేలిక, బదులు ఏమి తినాలో చెప్పడం మన రిజిస్టరులో ఉండదు.

దారి చూపింది హనుమక్కే. "పగుళ్ళు ఎన్ని శేర్లయితే అన్ని శేర్లు, నీ తినే మూటలోంచి ఇయ్యి అన్నా. పగుళ్ళు నువ్వే మన్నులో పూడ్చుకో" అంది. పదిమంది ఆడవాళ్ళు చూస్తుంటే తిప్పన్న కాదనలేకపోయాడు. మరుసటేడు పొడి మానేసి, కాయలు బాగా ఎండబెట్టి వేపాకు వేసి దాచాడు. కొంత పురుగు పట్టింది, నన్ను తిట్టాడు. ఊరంతా మారలేదు. ముగ్గురు నలుగురు రైతులు మారారు, మిగిలినవాళ్ళు నా కనుచూపు మేరలో మారినట్టు నటించారు.

డాక్టరమ్మ చెప్పింది

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు మూర్తి డాక్టరు బదిలీ అయి, ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చింది. నా పెన్సిలు రాతలు చూసి నవ్వని మొదటి మనిషి. హనుమక్క కథ చెప్పి అడిగాను. "మేడమ్, ఆ పొడి వల్లేనా?"

"ఒక్క మనిషిని చూపించి దీనివల్లే అని చెప్పలేం ఓబులేసు గారూ. వంశం ఉంటుంది, కడుపులో ఉన్నప్పటి కరువు ఉంటుంది. కానీ ఆ రకం పొడులు నీళ్ళల్లో కరగవు, కొవ్వులో కరుగుతాయి. ఒంట్లోకి చేరి ఏళ్ళ తరబడి కూర్చుంటాయి. అవి ఎక్కువగా ఉన్నవాళ్ళలో షుగర్ ఎక్కువగా కనిపిస్తోందని చాలా చోట్ల పరిశోధకులు అంటున్నారు. కారణమని తేలిపోలేదు, ముప్పు పెరుగుతుందని అనుమానం గట్టిగా ఉంది."

నీళ్ళతో కడిగితే పోయేది కాదన్నమాట. పైగా శెనక్కాయంటే నూనెగింజ. రెండు తూర్లు కడిగి ఎర్రగా వేయించిన ఆ ప్రేమంతా వృథా. నాకు ఆ మాటే ఎక్కువ బాధ పెట్టింది. మీరు కూడా ఈ విషయంలో ఊరికే రొమ్ము విరుచుకోకండి. కనిపించిన ప్రతి షుగర్‌నూ పురుగుమందు నెత్తిన రుద్దకండి, మాత్రలు మాన్పించకండి. అడగండి, అంతే. అడిగాక చెప్పింది నమ్మండి.

ఎదురు దాడి

నేను రిటైరైన రోజు పూలదండ మెడలో ఉండగానే, సూదిమందుకు వచ్చిన హనుమక్క ఎదుటే, డాక్టరమ్మ నా వేలికి సూది గుచ్చింది. అన్నేళ్ళు ఊరందరి ఉచ్చా కాచిన నేను నాది ఒక్కసారీ కాచుకోలేదు. మిషన్ అంకె చూసి ఆమె కనుబొమలు ఎగరేసింది.

"స్వీట్లు తింటారా?"

"అబ్బే, ముట్టను మేడమ్."

ఆమె నమ్మేసింది. అప్పటికప్పుడు మాత్రలు రాసి, చేతిలో పెట్టి పంపింది. నా షుగర్ హనుమక్క ఊరిబిండి పుణ్యమో, మా నాయన వంశం పుణ్యమో, సొరుగులో బెల్లం పుణ్యమో ఎవరు చెప్పగలరు?

వారం తిరక్కముందే హనుమక్క మా ఇంటికి వచ్చింది, కట్టె ఠక్కు ఠక్కుమనిపిస్తూ. పలకరింపు లేదు, ఏమీ లేదు. నేరుగా వంటింట్లోకి పోయింది. మా ఆవిడ నోరు తెరుచుకుని చూస్తోంది. డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసే చప్పుడు. పైఅర మీద, పాత కుక్కరులో, గుడ్డ కింద దాచాను కదా, ఎట్లా దొరుకుతుందిలే అనుకున్నాను.

దొరికింది. అరచేతిలో బెల్లం అచ్చు పెట్టుకుని నా ముందుకు వచ్చి నిలబడింది. ఒక పక్క పళ్ళతో కొరికిన గుర్తు ఇంకా తాజాగానే ఉంది.

"ఏం సార్, ఈ నెల జిలేబీనా, లడ్డా?" అంది.

మా ఆవిడ పకపకా నవ్వింది. నేనూ నవ్వబోయాను. హనుమక్క నవ్వలేదు.

"నువ్వు అబద్దం చెప్పినావు, అదే దినం నీకు మాత్రలిచ్చినారు. నేను నిజం చెప్పినా, నాకు మాత్రలియ్యలా" అంది.

గట్టిగా కూడా అనలేదు. నా కళ్ళు ఆమె కాలి మీదికి పోయాయి. చెప్పులో మూడు వేళ్ళు. క్షమించు అనాల్సింది పోయి, ఆమె కూర్చోవడానికి పీట జరిపాను. ఆమె కూర్చోలేదు. తర్వాత బెల్లాన్ని కొంగున ముడేసుకుని, కట్టె అందుకుని గుమ్మం దాటింది. వీధిలోకి దిగి వెనక్కి తిరిగి, ఇన్నేళ్ళూ నేను అందరికీ చెప్పిన మాటను నాకే చెప్పింది.

"రేపు పొద్దున పరగడుపున ఆస్పత్రికాడికి రా సార్. ఏమీ తినకుండా రా. నేను నమ్ముతాలే."